బయాస్ మారుతుండగా పోయిన కరెంటు

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వేరే పని చూసుకునే రకం నేను. చిన్నప్పుడు కూడా భయపడిన గుర్తు లేదు. ప్రొద్దుటూరు దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. కారణం లేకుండా ఏదీ జరగదని పిల్లలకు చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టినదాన్ని. అందుకే ఇది రాయాల్సి రావడం నాకే చిరాగ్గా ఉంది.

మా కింద వాటాలో షమీమ్ అనే ఆమె జాకెట్ల మీద మిషన్ ఎంబ్రాయిడరీ వేస్తుంది. భర్త కువైట్‌లో డ్రైవరు. మామ మస్తాన్ గారు ఇక్కడ తోడుగా ఉంటారు. ఆమె డిజైన్లన్నీ తయారయ్యేది ఒక పాత డెస్క్‌టాప్‌లో. కొత్త డిజైన్ సాఫ్ట్‌వేర్ వేయించినప్పటి నుంచి అది మూలుగుతూ నడుస్తోంది. ఎవరో చెప్పారని మస్తాన్ గారు ఒక సెకండ్‌హ్యాండ్ ప్రాసెసర్ కొనుక్కొచ్చారు. బిగిస్తే తెర మీద ఏమీ రాలేదు. పాతది మళ్లీ పెడితే వచ్చింది.

కంప్యూటర్ గురించి నాలుగు ముక్కలు తెలియడం మా వీధిలో పెద్ద నేరం. ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి చెప్పులైనా విప్పలేదు, షమీమ్ మెట్ల దగ్గర పట్టుకుంది.

"అక్కా, జమ్మలమడుగు పెండ్లి జాకెట్లు రేపటికి ఇయ్యల్ల. రెండు అయినాయి, మూడోది డిజైన్ తెరిస్తే సాలు, నిలబడిపోతాంది. నువ్వే ఏమన్నా చెయ్యల్ల."

చూస్తే సంగతి తెలిసింది. ఆ ప్రాసెసర్‌ను కంప్యూటర్ లోపలి మదర్‌బోర్డు గుర్తు పట్టాలంటే ముందు బయాస్ అప్‌డేట్ చేయాలి. బయాస్ అంటే, మీట నొక్కగానే అన్నిటికంటే ముందు లేచే చిన్న ప్రోగ్రాం. అది లేస్తేనే మిగతావి లేస్తాయి. దాన్ని మార్చేటప్పుడు మధ్యలో కరెంటు పోయిందా, బోర్డు చచ్చినట్టే. అలాంటి పాత బోర్డు ఇప్పుడు ఎక్కడా దొరకదు.

ఇదంతా చెప్పాను. ఆమె విని, "సరేలే అక్కా, కానియ్యి" అంది.

సరేనని మొదలుపెట్టాను. టార్చి వేసి, దుమ్ము ఊది, బోర్డు మీది మోడల్ పేరు, దాని పక్కనున్న రివిజన్ అంకె చదివాను. తయారు చేసినవాళ్ల వెబ్‌సైట్ నుంచి సరిగ్గా ఆ బోర్డు ఫైలే దించి, ఖాళీ పెన్‌డ్రైవ్‌లో వేశాను. డిజైన్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేశాను. ఉన్న బయాస్‌ను కూడా భద్రం చేసి, సెట్టింగులకు ఫోన్‌తో ఫోటోలు తీశాను.

"యూపీఎస్ పని చేస్తాందా?"

"చేస్తాందక్కా. లైటు ఎలుగుతాంది సూడు."

నిజమే, పచ్చ లైటు వెలుగుతోంది. అప్‌డేట్ మొదలుపెట్టాను. తెర మీద గీత మెల్లగా కదలసాగింది. కంప్యూటర్ ఆపొద్దు అని ఎర్రక్షరాలు.

షమీమ్ తడిగుడ్డ తెచ్చి క్యాబినెట్ తుడవబోయింది. ముట్టుకోవద్దన్నాను. పక్కింటామె ఫోన్ చార్జింగ్ పెట్టుకుంటానని వచ్చి అదే ప్లగ్గు దగ్గరికి వంగింది. అరిచాను. వేరే ఆర్డరు మీద నడుస్తున్న ఎంబ్రాయిడరీ మిషన్ ఆపమంటే, మధ్యలో ఆపితే కుట్టు పక్కకు జరుగుతుందని షమీమ్ ఒప్పుకోలేదు. ఆదివారం పూట నాకీ ఖర్మేమిటని పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను.

గీత సగం దాటకముందే కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది, మిషన్ ఆగింది. ఎదురుగా పిండిమర కూడా ఆగింది. వీధంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. నేను కరెంటు వాళ్లను తిట్టడం మొదలుపెట్టాను. యూపీఎస్ ఉందిలే అన్న ధైర్యం మాత్రం ఉంది. తెర వెలుగుతూనే ఉంది, గీత కదులుతూనే ఉంది.

"అక్కా, లైటు ఎలగడం ల్యా," అంది షమీమ్.

వంగి చూశాను. యూపీఎస్ పచ్చ లైటు ఆరిపోయి ఉంది. కరెంటు పోతే కీచుమని అరవాల్సింది, అదీ లేదు. పక్కింటామె చార్జర్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. ముగ్గురం ఆ గీతనే చూశాం. అది తాపీగా చివరిదాకా పోయింది. కంప్యూటర్ ఆగి, తనంతట తానే లేచింది. బయాస్‌లోకి వెళ్లి చూస్తే కొత్త వెర్షన్ కనిపించింది. ప్రాసెసర్ మార్చుదామని ఆపాను. మార్చి, మీట నొక్కాను. లేవలేదు. మళ్లీ నొక్కాను. ఉలుకూ పలుకూ లేదు.

బోర్డు పోయిందనే అనుకున్నాను. షమీమ్ మొహం పాలిపోయింది.

అప్పుడు మస్తాన్ గారు చెమటలు కక్కుకుంటూ వచ్చారు. చేతిలో బరువైన గుడ్డ సంచి.

"ఏందిమ్మా, కరెంటు ల్యాదా? ఇదో, యూపీఎస్ బ్యాటరీ. రిపేరుకిస్తే వారం నుంచి అంగట్లోనే పెట్టుకున్యాడు వాడు. ఈ పొద్దు గొడవ పడి తెచ్చినా."

కోడలికి చెప్పాలన్న ఆలోచన ఆయనకు రాలేదట.

నేనే యూపీఎస్ మూత విప్పాను. లోపల ఖాళీ. చివరలకు టేపు చుట్టిన రెండు వైర్లు, అంతే.

కాసేపటికి కరెంటు వచ్చింది. మీట నొక్కితే కంప్యూటర్ కొత్త ప్రాసెసర్‌తో చక్కగా లేచింది. మూడో జాకెట్ డిజైన్ ఆగకుండా తెరుచుకుంది. మర్నాడు జాకెట్లు జమ్మలమడుగు బస్సెక్కాయి.

తర్వాత నేను ఊరుకోలేదు. బ్యాటరీ తీసేసి, కంప్యూటర్ నడుస్తుండగా స్విచ్ కట్టేసి చూశాను. టక్కున ఆరిపోయింది. ఎన్నిసార్లు చేసినా అంతే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి వైరింగ్ అంతా వెతికించాను. ఆ వాటాలో ఇన్వర్టర్ లేదు, పక్కింటి లైను కలవలేదు. కంప్యూటర్ లోపలి పవర్ సప్లైలో కొంచెం కరెంటు నిలవ ఉంటుందని మా స్కూల్లో ఫిజిక్స్ సారు అన్నారు. ఉంటుంది, రెప్ప వేసేంతసేపు. అది నాకూ తెలుసు. ఆ గీత సగం తెర నడిచింది.

నువ్వు ప్రార్థన చేసుంటావని మా ఆయన అంటారు. చేయలేదు. ఆ సమయంలో నా నోట్లో ఉన్నవి తిట్లే.

కారణం ఉండే ఉంటుంది. నాకు దొరకలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడు కిందికి దిగి ఆ ప్లగ్గు, ఆ వైర్లు చూసి వస్తాను. షమీమ్ గుమ్మంలో నిలబడి నవ్వుతుంది.

"అయిపోయినదానికి ఏం ఎతుకుతాండావక్కా? టీ తాగు."

తాగుతాను. తాగి, మళ్లీ వెతుకుతాను.