శ్రావణం దాకా ఆగిన కారు

ఆ కారు మా ఆయన కొన్నది నా కోసమే. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు, ఇన్నేళ్లయినా పూర్తిగా తగ్గని కోపంతో చెబుతున్నాను.

అంతకు ముందు ఏడాది నాలుగో నెలలో నాకు కడుపు పోయింది. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు క్లాసు వదిలి మెట్లు దిగుతుంటే నొప్పి మొదలైంది. వానలో రోడ్డు పక్కన నిలబడి, పంజాగుట్ట ఆసుపత్రికి రమ్మని ఆటోలను బతిమాలాను. కూతవేటు దూరం కదా, ఎవరికీ గిట్టలేదు. ఎక్కడికో వినడం, తల అడ్డంగా ఊపడం, వెళ్లిపోవడం. కాస్త ముందొచ్చినా నిలిచేది కాదేమో అంది డాక్టరమ్మ. ఆ "ఏమో" మా ఆయనను ఏడాది పాటు నిద్రపోనివ్వలేదు.

మళ్లీ నెల తప్పాను. ఐదో నెల స్కానింగులో మాయ కిందికి ఉందని తేలింది. చుక్క రక్తం కనబడినా అన్నీ వదిలేసి పరుగెత్తుకు రావాలని, దూర ప్రయాణాలు వద్దని డాక్టరమ్మ చెప్పింది. దాంతో నన్ను రాజమండ్రి పుట్టింటికి పంపే మాట పోయి, అత్తగారే మా యూసుఫ్‌గూడ అద్దె వాటాకు వచ్చారు. మా ఆయన వారం తిరగకుండా ఒక పాత కారు చూశాడు. అమీర్‌పేటలో బట్టల దుకాణం నడిపే సిరిసిల్ల ఆయనది. తెల్లగా, శుభ్రంగా ఉంది. బేరం కుదిరింది, కాగితాలయ్యాయి. అప్పటికి ఆషాఢం వచ్చింది.

"శూన్యమాసంలో బండి ఇంటికి తెస్తావురా? అందులోనూ కడుపుతో ఉన్న పిల్ల ఎక్కే బండి!" అన్నారు అత్తగారు. పోయినసారి జరిగింది ఆవిడ కళ్లలో ఉంది. అందుకని నేనూ గట్టిగా ఏమీ అనలేదు. నా తప్పు కూడా ఉందని ఒప్పుకుంటున్నాను.

కారు దుకాణం వెనక ఖాళీ జాగాలోనే ఉంచడానికి మాట్లాడుకున్నారు. తాళం తీసుకోవడానికి వెళ్లినప్పుడు నేనూ ఉన్నాను. దుకాణం ఆయన మా ఆయనను ఎగాదిగా చూశాడు.

"తీస్కపోతే గిప్పుడే తీస్కపో అన్నా. వానల్ల గట్ల నిలవెడితే ఖరాబైతది. లేకుంటె తాళం నాకియ్యి, రెండు దినాలకోసారి జర తిప్పుత."

"ఆషాఢం కదండీ, మా అమ్మగారు ఒప్పుకోరు."

"ఆషాఢం మాకు సుత ఉంటది. మాకైతే బోనాలు. గానీ గీ ముచ్చట బండికేం ఎరుకనే?"

మా ఆయన నవ్వేసి తాళం జేబులో వేసుకున్నాడు. ఆ జాగా కొంచెం వాలుగా ఉంది. కారు జారుతుందేమోనని హ్యాండ్ బ్రేకును రెండు చేతులా పట్టి, ఇంక రానంత వరకు లాగాడు. ఆ కిర్రుమన్న చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తు. ఇంటికి రాగానే అత్తగారు తాళాన్ని దేవుడి గూట్లో, కుంకుమ భరిణె కింద పెట్టేశారు. స్టార్టు చేసినా వాడినట్టే లెక్కట.

నెల పొడుగునా వాన. ఆదివారాలు మా ఆయన వెళ్లి కారు తుడిచి వచ్చేవాడు. బస్తీలో బోనాల డప్పులు మోగుతుంటే నాకు కడుపులో బిడ్డ కదిలేది. అంత సంతోషంలోనూ ఆ కారు తలుచుకుంటే ఏదో గుబులు. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పలేను. ఎవరూ అడగలేదు కూడా.

శ్రావణ శుక్రవారం ఉదయం పూజ చేశాం. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, చక్రాల కింద నిమ్మకాయలు. మా ఆయన స్టార్టు చేసి, హ్యాండ్ బ్రేకు దించి, గేరు వేశాడు. కారు కదల్లేదు. ఇంకొంచెం యాక్సిలరేటర్ తొక్కాడు. వెనక భాగం కిందికి కుంగింది. అప్పుడు లోపల ఏదో విరిగినట్టు ఠప్పుమని పెద్ద చప్పుడై, కారు ఒక్క ఉరుకు ఉరికింది. నిమ్మకాయలు నలిగిపోయాయి.

"పోయింది, దిష్టంతా పోయింది!" అన్నారు అత్తగారు చేతులు జోడించి. దుకాణం ఆయన మాత్రం వెనక చక్రం వైపు వంగి చూస్తూ, ఒకసారి మెకానిక్కుకు చూపించమన్నాడు. ఆ మాట మా హడావిడిలో కలిసిపోయింది.

ఆ రోజే, యూసుఫ్‌గూడ చేరకముందే, నాకు వాసన వచ్చింది. ఇస్త్రీపెట్టె బట్ట మీద మర్చిపోతే వస్తుందే, ఆ వాసన, దానికి తోడు కాలిన ఇనుము.

"ఏదో మాడుతోందండీ."

"హారతి కర్పూరం," అన్నాడు మా ఆయన.

"కడుపుతో ఉన్నవాళ్లకి అన్నీ వాసనలేనమ్మా," అన్నారు అత్తగారు. నిజమే, ఇంగువ పోపు వేస్తే నేను వాకిట్లోకి పారిపోయేదాన్ని, పక్క వాటావాళ్ల తలనూనె కూడా పడేది కాదు. ఇంట్లో అదొక వేళాకోళమైపోయింది. ఎక్కడ కుక్కర్ కూత పెట్టినా "ఏం వాసనో కనుక్కో" అని నవ్వేవాళ్లు. ఆ నవ్వుల్లో నా మాట కొట్టుకుపోయింది. మొదటి వారం తర్వాత నాకే అనుమానం పట్టుకుంది, ముక్కు చెడిందేమోనని.

కానీ వాసనొక్కటే కాదు. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే ఏ కారైనా కాసేపు దొర్లుతుంది. ఇది ఎవరో వెనక నుంచి కొంగు పట్టి లాగినట్టు అక్కడికక్కడే ఆగిపోయేది. "చూశావా, బ్రేకులు ఎంత బాగున్నాయో!" అని మురిసిపోయాడు మా ఆయన. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి ఇంటి ముందు ఆపగానే చినుకులు పడ్డాయి. నేను గేటు దగ్గర ఉన్నాను. వెనక చక్రం మీద పడ్డ ప్రతి చినుకూ దోసె పెనం మీద నీళ్లు చిలకరించినట్టు చుయ్యిమంది. ముందు చక్రం మీద పడ్డవి మామూలుగా జారిపోయాయి.

మా ఆయనను పిలిచి చూపించాను. కాసేపు చూశాడు. "ఆదివారం మెకానిక్కుకు చూపిస్తాలే," అన్నాడు. ఆ ఆదివారం ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజు. తర్వాతి ఆదివారం దాని తాలూకు తప్పులు దిద్దడం. బంజారాహిల్స్‌లో ఆ ఆఫీసు అద్దాలు పగలూ రాత్రీ వెలుగుతూనే ఉండేవి, ఆదివారం అనేది అక్కడ ఎవరికీ గుర్తుండేది కాదు. నేను రోజూ అడిగాను. ఆ తర్వాత రోజు విడిచి రోజు అడిగాను. ఆ తర్వాత ఊరుకున్నాను. నా మీద నాకే కోపం వచ్చేది ఆ ఊరుకోవడం చూసుకునే.

భాద్రపదం వచ్చింది. రోడ్లకు అడ్డంగా వినాయకుడి పందిళ్లు లేచాయి. ఎనిమిదో నెల నడుస్తోంది. ఒక మధ్యాహ్నం అన్నం తిని లేచేసరికి చీర తడిసింది. చూస్తే ఎర్రగా ఉంది. అత్తగారు ఫోన్ చేశారు. మా ఆయన బంజారాహిల్స్ నుంచి ఎలా తోలుకొచ్చాడో తెలియదు, వచ్చేశాడు.

తలుపు తీయగానే వాసన గుప్పుమంది. అంతకు ముందు ఎప్పుడూ అంత లేదు.

"ఏవండీ, వాసన..."

"ఇప్పుడు కాదు, దండం పెడతాను, ఎక్కు," అన్నాడు. ఎక్కాను. ఎక్కక ఏం చేస్తాను?

అమీర్‌పేట దాటేసరికి కారు మూలగసాగింది. ఎంత తొక్కినా ముందుకు పోనంటోంది. వెనక సీట్లో అత్తగారు నా తల ఒళ్లో పెట్టుకుని లలితా సహస్రం చదువుతున్నారు. చదువుతూ చదువుతూ ఆగిపోయారు.

"ఒరే, నిజంగానే ఏదో కాలుతోందిరా," అన్నారు.

పంజాగుట్ట చౌరస్తా కనబడుతోంది. ముందు బస్సు ఆగింది. మా ఆయన బ్రేకు తొక్కాడు. కాలు మెత్తగా అడుగు దాకా దిగిపోయింది, కారు ఆగలేదు. మళ్లీ తొక్కాడు, మళ్లీ తొక్కాడు. ఇన్నాళ్లూ వదలమంటే వదలని బ్రేకు, పట్టాల్సిన ఒక్క క్షణంలో పట్టలేదు. నేను రెండు చేతులూ పొట్టకు అడ్డం పెట్టుకున్నాను. ఆయన స్టీరింగు ఎడమకు తిప్పేశాడు. చక్రం ఫుట్‌పాత్ రాయికి గుద్దుకుని కారు నిలబడింది.

బైకు మీద ఒకాయన అద్దం మీద దబదబా కొట్టాడు. "అన్నా, ఎనక టైరుకెల్లి పొగొస్తుంది! జల్ది దిగుండ్రి, అమ్మను దించుండ్రి!"

దిగి రోడ్డు పక్కన నిలబడ్డాను. ఏడాది కింద నిలబడ్డ చోటికి పెద్ద దూరం లేదు. కారు వెనక నుంచి తెల్లటి పొగ చక్రాన్ని చుట్టుకుని పైకి లేస్తోంది. మా ఆయన నడిరోడ్డు మీదికి ఉరికి ఒక ఆటోకు అడ్డంగా నిలబడ్డాడు. ఆటో ఆయన తిట్టబోయి, నా చీర చూసి ఆగిపోయాడు. ఎక్కడికని అడగలేదు. "కూసోండమ్మా," అని మాత్రం అన్నాడు.

ఆపరేషన్ చేసి పాపను తీశారు. రెండు చేతుల్లో ఇమిడేంత ఉందట. పది రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు. పాప బతికిందని మీకు ముందే చెప్పి ఉండవచ్చు, కానీ బతుకుతుందని ఆ పది రోజులూ మాకు ఎవరూ చెప్పలేదు.

పాపతో ఇంటికొచ్చిన సాయంత్రం మా ఆయన మెకానిక్కు దగ్గర నుంచి తిరిగొచ్చి, మంచం పక్కన కింద కూర్చున్నాడు. గుమ్మంలో కూర్చుని అత్తగారు బాలింతనైన నా చెవులకు పొగ పట్టడానికి నిప్పుల మీద సాంబ్రాణి వేస్తున్నారు.

"హ్యాండ్ బ్రేకు కేబులు లోపలంతా తుప్పట. మనం దించినా అది వదల్లేదట. చక్రాన్ని పట్టే బ్రేకు లైనర్లు కాలి బొగ్గయ్యాయి. వేడికి బ్రేకు ఆయిలు మరిగిందట, అందుకే ఆగలేదు," అన్నాడు. "'గింత కాలితె ఎవ్వరికి వాసన రాలేదా అన్నా' అని అడిగాడు మెకానిక్కు."

"మీరేమన్నారు?"

"మా ఆవిడకు వచ్చింది, నెల రోజుల నుంచీ చెబుతూనే ఉంది అన్నాను."

"దానికి?"

"'మరి?' అన్నాడు."

అత్తగారు నిప్పుల మీద ఇంకో చిటికెడు సాంబ్రాణి వేశారు. మా ఆయన నా వైపు చూసి, "ఇప్పుడేమైనా వాసన వస్తోందా?" అన్నాడు. వేళాకోళం లేదు, నిజంగానే అడిగాడు.

గాలి పీల్చి చూశాను. "పాలు అడుగంటుతున్నాయి," అన్నాను.

ఇంటి నిండా సాంబ్రాణి పొగ. వాళ్లకు పాల వాసన వచ్చి ఉండదు. అయినా ఇద్దరూ ఒక్కసారే లేచి వంటింట్లోకి పరుగెత్తారు.