ఖాళీ గడి అంటే పైన ఉన్న ఊరే

నేను నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్తాను. పాఠం బాగానే చెప్తానని పేరుంది. కోపం ముక్కు మీదే ఉంటుందని, కాస్త పొగిడితే కరిగిపోతానని కూడా పేరుంది. అన్నీ నిజమే. ఆ పొగడ్తకు కరిగే గుణం వల్లే ఒక మనిషికి అన్యాయం చేశాను. ఆ సంగతి రాయడానికే ఇప్పుడు కూర్చున్నాను.

మూడేళ్ల కిందట ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టాను. రోజూ పొద్దున ఏడింటికి డేటాబేస్ మీద ఒక ప్రశ్న, దానికి నాలుగు జవాబులు. సరైనది ఎంచుకోవాలి. మొదట మా కాలేజీ పిల్లలే ఉండేవాళ్లు. తర్వాత బోధన్, ఆర్మూర్, ముప్కాల్ నుంచి కూడా వచ్చి చేరారు. ఉద్యోగం వెతుక్కునేవాళ్లు, చదువు మధ్యలో ఆగిపోయినవాళ్లు, పింఛను తీసుకుంటూ పొద్దుపోక చేరినవాళ్లు, అన్ని రకాలవాళ్లూ ఉన్నారు. నా దగ్గర చదువుకున్న ఒకతను ఊళ్లోనే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుతున్నాడు. నెలాఖరుకు ఎవరు పైన ఉంటే వాళ్లను ఇంటర్వ్యూకి పిలుస్తాడు. పట్టా అడగడు. నెలకు ఒక్కరినే పిలుస్తాడు. పొద్దున్నే గ్రూపులో అంత హడావుడి ఆ ఒక్క పిలుపు కోసమే.

ఆమె ఏడాదిగా ఆ గ్రూపులో ఉంది. ముప్పై దాటిన మనిషి. ఇంటర్‌తో చదువు ఆగిపోయింది, ముందు చేట, మా వైపు మాటలో చాట, పెట్టుకుని బీడీలు చుడుతుంది. చేతులు ఎప్పుడూ పనిలో ఉంటాయి కాబట్టి జవాబు నొక్కేసి, ఎందుకు ఆ జవాబో గొంతుతో రికార్డు చేసి పంపేది. ఆ మాటల వెనక తునికాకు కత్తిరించే కత్తెర కచకచమని వినిపించేది. చేరిన కొత్తలో టేబుల్ అంటే ఏందని అడిగింది. ఆరు నెలలు తిరిగేసరికి మా ఫైనలియర్ పిల్లల కంటే ముందు జవాబు చెప్పడం మొదలుపెట్టింది. పాఠం చెప్పేవాడికి అంతకంటే సంతోషం ఇంకొకటి ఉండదు. ఆ నెల ఆమె, ఆర్మూర్ నుంచి ఇంకొకతను సమానంగా పైన ఉన్నారు. నెల ముగియడానికి నాలుగు రోజులే మిగిలాయి.

ఆ రోజుకు మా బాపు పోయి సరిగ్గా ఏడాది. బాపు చెరుకు ఫ్యాక్టరీలో కాటా గుమాస్తా. తూకానికి వచ్చిన ప్రతి బండికీ రిజిస్టరులో నంబరు, రైతు పేరు, ఊరు రాసేవాడు. ఒకే ఊరి బండ్లు వరుసగా వస్తే మొదటి బండికే ఊరు పేరు రాసి, కింది గళ్లు ఖాళీగా వదిలేసేవాడు. ఖాళీ గడి అంటే పైన ఉన్న ఊరే. బండ్లు తోలేవాళ్ల దగ్గర్నుంచి అందరికీ తెలిసిన పద్ధతి అది. నేను ఊళ్ల పేర్లు చదవడం నేర్చుకున్నది ఆ రిజిస్టరులోనే.

ఒకసారి వర్ని బండ్ల మధ్యలో కోటగిరి బండి ఒకటి వచ్చింది. బాపు ఊరు రాయడం మరిచిపోయాడు. ఆ చెరుకంతా వర్ని పేరు మీద పోయింది. మధ్యాహ్నం చూసుకుని, తెరిచిన టిఫిను మళ్లీ మూసేసి, సైకిలెక్కి కోటగిరి పోయాడు. రైతుకు తన తప్పు చెప్పుకుని, దిద్దుతానని మాటిచ్చి, పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాడు.

"రేపు జెప్తే ఏంబోతుండె?" అని అమ్మ కసురుకుంది.

"తప్పు నాదైతే ఆయనెందుకు రేపటిదాంక పరేషాన్ గావాలె?" అన్నాడు బాపు.

ఆయన జ్ఞాపకంగా ఆ పొద్దున రిజిస్టరు మీదే ప్రశ్న తయారు చేశాను. టేబుల్‌లో ఆరు బండ్లు. మొదటి బండిది రుద్రూర్, రెండో దాని ఊరు ఖాళీ. మూడోది వర్ని, నాలుగు, ఐదు ఖాళీ. ఆరోది కోటగిరి. రుద్రూర్ కాని ఊరి బండ్లు చూపించమని డేటాబేస్‌ను అడిగితే ఎన్ని వస్తాయి? వర్నివి మూడు, కోటగిరిది ఒకటి, మొత్తం నాలుగు అని నా లెక్క. ప్రశ్న కింద బాపు గురించి నాలుగు ముక్కలు రాసి, ఆయన ఫోటో పెట్టాను.

అందరూ నాలుగే నొక్కారు. చెరుకు ఊళ్లవాళ్లకు ఇంకో జవాబు తట్టదు. ఆమె ఒక్కతే రెండు నొక్కి, ఎప్పటిలాగే గొంతుతో పంపింది.

"సార్, రెండే వస్తయ్ గద. ఖాళీ ఉన్నకాడ ఊరేందో డేటాబేస్‌కు ఎర్క లేదాయె. ఎర్క లేనిదాన్ని రుద్రూర్ అనది, రుద్రూర్ కాదని గుడ అనది. రెండిట్ల దేంట్ల గుడ పట్టది. మా బీడీల కార్డు గుడ గంతే సార్. హాజరు రాయకుంటే ఆ దినం పోయినట్టే. పైది సూసి కింద ఎవ్వరు రాయరు."

గ్రూపంతా గొల్లున నవ్వింది. బోధన్ నుంచి ఒక పెద్దాయన, "చెరుకు బండ్లు తోలినోళ్లం అక్కా. ఖాళీ అంటే పైదే. గది గుడ ఎర్క లేదా?" అని పెట్టాడు. ఇంకెవరో, "జర చాట పక్కకు వెట్టి సదువు అక్కా" అన్నారు. ఆ మాట కింద వరసగా నవ్వు బొమ్మలు. అందులో ఒకటి నాది.

నవ్వి ఊరుకోలేదు. "జవాబు నాలుగే. మా బాపు రిజిస్టరు తప్పు కాదు" అని కూడా రాశాను. ఆమె "సరే సార్" అంది. ఆ రెండు మాటల వెనక కత్తెర చప్పుడు లేదు.

పదకొండింటికి ల్యాబ్‌లో ఎందుకో అనుమానం వచ్చి ఆ టేబుల్ కట్టి చూశాను. రెండే వచ్చాయి. వర్నిది ఒకటి, కోటగిరిది ఒకటి. ఇరవై ఏళ్లుగా పిల్లలకు చెప్తున్న పాఠమే. ఖాళీ అంటే తెలియదు అని అర్థం, తెలియనిదాన్ని దేనితోనూ పోల్చకూడదు అని ప్రతి బ్యాచికీ బల్ల గుద్ది చెప్తాను. బాపు రిజిస్టరు కళ్ల ముందు ఉండేసరికి అంతా మరిచిపోయాను.

అప్పుడే చెప్పాల్సింది. గ్రూపు తెరిచాను. అప్పటికే అంతా బాపు గురించే. రుద్రూర్ నుంచి ఒకతను గొంతు రికార్డు చేసి పంపాడు: "నాకు చిన్నప్పుడు జొరమొస్తే మీ బాపు మా బండి ముందుగాల తూకం వెట్టిచ్చి తోలిండు సార్." విని ల్యాబ్‌లోనే ఏడ్చాను. బాపు పోయిన రోజు కూడా ఆయన గురించి అన్ని మంచి మాటలు ఒక్కచోట వినలేదు. ఇప్పుడు ప్రశ్నే తప్పంటే ఆ మాటలన్నీ ఆగిపోతాయి. రేపు చెప్దాం అనుకున్నాను.

రేపు చెప్పలేదు. ఎల్లుండి కూడా చెప్పలేదు. నాలుగో రోజు మార్కుల పట్టిక చూస్తే ఆర్మూర్ అతను పైన, ఒక్క మార్కు తేడాతో ఆమె కింద. ఆ ఒక్క మార్కు ఏదో నాకు తెలుసు. తెలిసే కంపెనీకి అతని పేరు పంపాను. ఆ సాయంత్రమే ఆమె గ్రూపు నుంచి వెళ్లిపోయినట్టు ఫోన్‌లో బూడిదరంగు అక్షరాల్లో ఒక ముక్క కనిపించింది. ఆమె ఏమైందని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు.

అతనికి ఉద్యోగం వచ్చింది. పాపం, అందులో అతని తప్పేమీ లేదు. వారం తర్వాత నన్ను నేనే భరించలేక గ్రూపులో రాశాను, ఆ ప్రశ్న తప్పు, సరైన జవాబు రెండు అని. "పోనియ్యండి సార్, గింత దానికి" అని కొందరు, ఖాళీ అంటే పైదే అని ముందే చెప్పాల్సిందని కొందరు. చాట పక్కకు పెట్టమన్నవాళ్లు దండం బొమ్మ పెట్టారు. మర్నాడు ఏడింటికి అందరూ కొత్త ప్రశ్న కోసం చూశారు.

ఆమె ఇల్లు మా స్టూడెంట్ ఒకమ్మాయి చూపించింది. కాలేజీకి రెండు వీధుల అవతలే. అరుగు మీద చేట ముందు పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి ఆదరాబాదరా లేచి కుర్చీ వేసింది.

"అమ్మా, ఆ రోజు నీ జవాబే సరైంది. తప్పు నాది" అన్నాను.

ఆమె ముఖం ఒక్కసారి వెలిగింది. "నిజంగనా సార్?" అని లోపలికి పోయి నోటుపుస్తకం తెచ్చింది. ఏడాది ప్రశ్నలన్నీ అందులో ఉన్నాయి. ఆ రోజు పేజీలో రెండు అని రాసి, కొట్టేసి, పక్కన "నాలుగు, సార్ చెప్పిండు" అని రాసుకుంది. నెలాఖరు ప్రశ్న తర్వాత పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి.

"నా బుర్రకే ఎక్కుతలేదనుకున్న సార్. గందుకే బందు వెట్టిన" అంది. మళ్లీ చేట ముందు కూర్చుని ఆకు కత్తిరిస్తూ, "మీకెప్పుడు ఎర్కయింది సార్?" అని అడిగింది.

అబద్ధం చెప్పి ఉండొచ్చు. నోరు రాలేదు.

"ఆ రోజే. పదకొండింటికి."

ఆమె చేతిలో కత్తెర ఆగిపోయింది. "గా దినమేనా?" అంది. గ్రూపు మొత్తం నవ్వినప్పుడు కూడా ఆ గొంతు అంత చిన్నబోలేదు.

మళ్లీ రమ్మని బతిమాలాను. వచ్చే నెల నీ పేరు నేనే చెప్తానన్నాను. తల అడ్డంగా ఊపింది. "వద్దు సార్. మీరు కాదంటే నాకొచ్చింది గుడ తప్పే అనుకున్న. ఇగ ఎవల్ని నమ్మి నేర్చుకోవాలె?" అంది. కోపంగా అనలేదు, నిజంగానే అడిగింది. పుస్తకంలో ఆ నాలుగును కొట్టేద్దామని జేబులో పెన్ను తడుముకున్నాను. ఆమె పుస్తకం మూసి పక్కన పెట్టి, చాయ్ తెస్తానని లేచింది.

బాపు పేరు నిలబెట్టాలని నోరు మూసుకున్నాను. బాపు అన్నం ముట్టకుండా, ఆ పూటే, సైకిల్ మీద కోటగిరి పోయినవాడు. నేను రెండు వీధులు నడిచి రావడానికి ఇరవై మూడు రోజులు పట్టింది.