నలభై రోజుల రిపోర్టు

డాక్టరు నాకు కొవ్వు పరీక్ష రాసిచ్చేనాటికి శ్రమకాలం నడుస్తోంది. ఈస్టరు దాకా నలభై రోజులు మా ఇంట్లో ఒంటిపూట భోజనం. నీసు లేదు, నూనె లేదు.

"ఎటూ ఉపవాసమే గదా, ఇప్పుడే చేయించుకోండి. రిపోర్టు బాగొస్తుంది" అంది నా భార్య.

అయిదేళ్ళ కిందట మా అన్నతో నేనన్న మాట అదే.

అన్న అల్లూరు పక్క రొయ్యల గుంటల మీద పని చేసేవాడు. గట్టెక్కితే ఆయాసం, ఛాతీలో మంట. డాక్టరు ఇదే పరీక్ష చేయించుకోమంటే, శ్రమకాలం చివర్లో పోదామని ఉపాయం చెప్పింది నేనే. నా నోరు పడిపోను! నెల్లూరులో సూది గుచ్చే అమ్మాయి "తిని పన్నెండు గంటలైందా?" అని అడిగితే, "నలభై రోజులైందమ్మా" అని పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. రిపోర్టు బాగొచ్చింది.

"చూడ్రా, దేవుడు కడిగేసినాడు" అంటూ ఈస్టరు రోజు వేటకూర మూడుసార్లు వేయించుకున్నాడు. వానలు పడకముందే గుంట గట్టు మీద గుండె ఆగి కూలిపోయాడు. నాకు ఆయాసం వచ్చినప్పుడల్లా ఆ నవ్వు వినిపిస్తుంది. భయమేస్తుంది.

ఈస్టరు పోయి నెలైనాకే పరీక్షకు పేరు రాయించాను. అయినా బుద్ధి మారితేనా! ముందురోజు సాయంత్రం, కాస్త తక్కువ చూపిస్తుందేమోనని మజ్జిగన్నం కలుపుకున్నాను. అంతలో పక్కింటి నుంచి వదిన, అన్న భార్య, చేపల పులుసు గిన్నెతో వచ్చింది.

"ఏంది అబ్బయ్యా, రోజూ ఇదేనా నువ్వు తినేది?"

ఇక దాచుకోలేకపోయాను. "రేపు పరీక్ష వదినా, తక్కువ రావాలని ఇది. అన్నను శ్రమకాలంలో పరీక్షకు పోదామన్నదీ నేనే."

"తెలుసు. తమ్ముడు భలే ఉపాయం చెప్పినాడని ఆయనే చెప్పినాడు. నలభై రోజులూ గంజి కాచి పోసిందెవురు? రిపోర్టు బాగొచ్చిందని చర్చిలో సాక్ష్యం చెప్పిందెవురు? నేనే గదా."

అయిదేళ్ళు ఒకే గోడకు అటూ ఇటూ ఉండి ఇద్దరం ఈ మాట ఎత్తలేదు. వదిన నా కంచం తీసేసి, వేరే కంచంలో వేడన్నం పెట్టి, రెండు ముక్కలు వేసింది.

"తిను. నువ్వెట్టుండావో అట్నే తెలియాల."

నేను తినేదాకా అక్కడే నిలబడింది.

పొద్దున నెల్లూరులో సూది పట్టుకున్న అమ్మాయి అదే ప్రశ్న అడిగింది.

"పన్నెండు గంటలేనమ్మా" అన్నాను. "నిన్న చేపల పులుసు తిన్నాను."