ఎగువ చెరువు నిండితేనే

నా భర్త పోయిన మరుసటేడు బాగేపల్లి తాలూకాలోని ఒక ఊరికి నర్సుగా వెళ్లాను. పిల్లలు లేరు. చింతామణిలో అద్దె ఇల్లు ఖాళీ చేసి, ఆ ఊరి ఆరోగ్య ఉపకేంద్రం వెనక ఉన్న ఒంటి గదిలో దిగాను. ఎదురింట్లో నాకన్నా కాస్త పెద్దదైన ఒకామె ఉండేది. ఆమెకూ భర్త లేడు. కూతురు కాపురం బెంగళూరులో. ఆమెకు తోడు రెండు గేదెలు, ఆమె మాటలో ఎనుములు.

నేను దిగిన సాయంత్రమే చెంబుతో మజ్జిగ తెచ్చింది.

"ఏం నర్సమ్మా, ఒక్కదానికే పొయ్యి ముట్టిస్తాండావా? ఈ పూటకి మా ఇంట్లో తిందువు రా" అంది.

ఆ రోజు నుంచి ఆమె నాకు అక్క.

సాయంత్రాలు ఆమె గేదెలను నీళ్లకు తోలుకుపోతే నేనూ వెంట వెళ్లేదాన్ని. అవి చెరువులో మెడ వరకు మునిగి కదలకుండా ఉండేవి. మేం కట్ట మీద కూర్చుని అవీ ఇవీ మాట్లాడుకునేవాళ్లం. ఒక్కోసారి ఏమీ మాట్లాడుకోకుండానే పొద్దు గూకేది. నా భర్త పోయాక అలా ఊరికే పక్కన కూర్చున్న మనిషి ఆమె ఒక్కతే.

తర్వాత వానలు మొహం చాటేశాయి. చెరువు ఏడాదికేడాది వెనక్కి తగ్గింది. మిగిలిన నీళ్ల కోసం గేదెలు బురదలోకి దిగాల్సి వచ్చేది. ఒక రోజు పెద్ద గేదె కడుపు దాకా కూరుకుపోయింది. ఊళ్లో మగవాళ్లు తాళ్లు కట్టి లాగితే బయటపడింది. ఆ వేసవికల్లా చెరువు అడుగు నెర్రెలు విచ్చింది. పక్క ఊరికి దగ్గరదారని మోటారుసైకిళ్లు దాని నడుమ నుంచే పోసాగాయి. అక్క రెండు గేదెలనూ చింతామణి సంతకు తోలించి అమ్మేసి, పలుపులు చేతికి చుట్టుకుని బస్సులో తిరిగి వచ్చింది. ఆ నెలలోనే కూతురు రమ్మంది. ఇంటికి తాళం వేసి, చెవి నా చేతిలో పెడుతూ అంది:

"చెరువులోకి నీళ్లొస్తే ఫోన్ చెయ్యి నర్సమ్మా. ఆ రోజే బస్సెక్కుతా."

ఆమె ఒక్కతే కాదు, సగం ఊరు అలాగే తాళాలు వేసుకుని కూలి పనులకు పోయింది. టీకాల పెట్టె భుజాన తగిలించుకుని వీధులు తిరిగితే పిలిచినా పలికే ఇల్లు తక్కువ.

ముంగారు తొలకరిలో మొదటి పెద్ద వాన పడింది. మధ్యాహ్నమంతా ఉరుములతో దంచికొట్టింది. వాన ఆగీ ఆగకముందే గొడుగు తీసుకుని కట్టెక్కాను. చెరువు అడుగంతా నల్లగా తడిసింది. నెర్రెలు కొద్దిగా పూడాయి. కానీ కాకి దాహం తీరేంత నీరు కూడా నిలవలేదు. ఆ సాయంత్రం ఫోన్ మోగింది.

"ఈడ ఏం వాన నర్సమ్మా! రోడ్ల మీద మోకాటి లోతు పారతాండాది. మన చెరువుకు ఎంతొచ్చింది?"

"రాలేదక్కా."

"ఏం, ఆడ పడలేదా?"

"గట్టిగానే పడింది. అంతా నేలే తాగేసింది."

"దానికెంత దప్పికుండాదో పాపం" అని ఫోన్ పెట్టేసింది.

ఇంకో వానకు తూము దగ్గర గుంటలో కాసిన్ని నీళ్లు నిలిచాయి. రెండు కొంగలు వచ్చి వాలాయి. వారం ఎండ కాసేసరికి నీళ్లూ లేవు, కొంగలూ లేవు. పడిన వానంతా ఎటు పోతోందో చూద్దామని ఒక ఆదివారం చెరువుకు నీళ్లు తెచ్చే కాలువ వెంబడి పైకి నడిచాను. కాలువలో చాలాచోట్ల నీలగిరి చెట్లు మొలిచి ఉన్నాయి. అడ్డుకట్టల వెనక చిన్న చిన్న మడుగులున్నాయి. చాలా దూరం పోయాక ఎగువ ఊరి చెరువు వచ్చింది. అందులోనూ అడుగున మాత్రమే నీళ్లు. అక్కడ బట్టలు ఉతుకుతున్న ఆమె నన్ను చూసి నవ్వింది.

"మీ చెరువుకా? దీనిపైన ఇంకొకటుండాదమ్మా. అది నిండి పొర్లితే దీనికి, ఇది నిండి పొర్లితే మీకు."

తిరిగి వచ్చేటప్పుడు దారి చాలా పొడుగ్గా అనిపించింది. అక్కతో ఈ మాట చెబితే ఫోన్‌లో నవ్వింది.

"ఈడ మేము వాడిన నీళ్లను బాగుచేసి పైపుల్లో మన జిల్లా చెరువులకు పంపిస్తారంట గదా. నేను గిన్నెలు తోమిన నీళ్లు యాడికి పోతాండాయో ఏమో. మన చెరువుకైతే రాలేదు!"

తర్వాతి ఏడు కార్తీకంలో తుఫాను పట్టింది. ఎండ మొహం చూపకుండా రోజుల తరబడి సన్నగా, ఆగకుండా కురిసింది. ఒక ఉదయం గదిలో పళ్లు తోముకుంటుంటే ఏదో హోరు వినిపించింది. పరుగున కట్ట దగ్గరికి వెళ్లాను. ఎర్రటి నీళ్లు నురగ కక్కుతూ, ఆకులూ పాత చెప్పులూ మోసుకుంటూ కాలువలో దిగుతున్నాయి. అక్కడి నుంచే అక్కకు ఫోన్ చేశాను.

"నీళ్లొచ్చాయక్కా!"

"ఉండు, మాట్లాడొద్దు. ఆ సద్దు వినిపించు."

ఫోన్‌ను కాలువ వైపు పట్టుకుని నిలబడ్డాను. చాలాసేపటికి చెవి దగ్గర పెట్టుకుంటే ఆమె ఏడుపు వినిపించింది.

ఆదివారం చిక్కబళ్ళాపుర మీదుగా బస్సులో వచ్చింది. నేను ముందురోజే ఆమె ఇల్లు ఊడ్చి కళ్లాపి చల్లి ఉంచాను. రాగి సంగటి, ఉలవల చారు చేశాను. బస్సు దిగినామె సంచీ నా చేతిలో పెట్టి నేరుగా చెరువుకు నడిచింది. చీర తడుస్తున్నా లెక్కచేయకుండా మోకాళ్ల లోతు దిగి మొహం కడుక్కుంది. నీళ్లు కట్ట రాళ్లకు తాకుతున్నాయి.

అన్నం తినేటప్పుడు నెమ్మదిగా చెప్పింది.

"పొద్దున బస్సుకు పోవల్ల నర్సమ్మా. రెండిళ్లలో వంట ఒప్పుకున్నా. మనవరాలిని స్కూల్‌కు పంపేది నేనే."

నేను తలొంచుకుని సంగటి కలుపుతున్నాను.

"ఎనుములు లేకుండా ఈ నీళ్లు చూస్తా కూర్చుని నేనేం చేసేది, నువ్వే చెప్పు" అంది.

"నేనుండాను గదా" అనాలని నోటి దాకా వచ్చింది. ఇల్లూ పనీ చూసుకునే మనిషిని అలా అడగడం న్యాయం కాదనిపించి, చారు వడ్డించాను.

పొద్దున బస్సెక్కించి డ్యూటీకి పోయాను. ఆ సాయంత్రం కట్ట వైపు పోబుద్ధి కాలేదు. ఇద్దరికని వండిన చారు ఇంకా మిగిలే ఉంది. దాన్నే వేడి చేసుకుని తిన్నాను.