ఎస్తేరమ్మ వార్డులో ఎలుకలు

మొన్న కరీంనగర్‌లో ఒక పెద్ద దవాఖానలో మా మనవడి మంచం పక్కన కూర్చున్నాను. జ్వరం దిగి వాడు నిద్రపోతున్నాడు. గది చల్లగా, తెల్లగా, వంక పెట్టడానికి లేకుండా ఉంది. అంతలో పైన ఫాల్స్ సీలింగు మీద గరగరమని చిన్న చప్పుడైంది. ఆగింది. మళ్లీ వచ్చింది, ఈసారి కాస్త అవతల. నా నడుము దానంతటదే నిటారుగా లేచింది. "ఏసీ చప్పుడమ్మా" అంది మా అమ్మాయి, ఫోనులోంచి తలెత్తకుండా. "ఏసీకి గోళ్లుంటయా?" అన్నాను. అది నవ్వింది, నేను నవ్వలేదు. డెబ్బై దాటిన ముసలిదాన్నని కూడా చూసుకోకుండా వంగి మంచం కింద చూశాను. బాత్రూంలో నీళ్లు పోయే మోరీకి జాలీ ఉందా లేదా చూశాను. తలుపు కింద సందులో వేలు పెట్టి ఎంతుందో చూశాను. నర్సు పిల్ల వచ్చి ఏమైనా పోయిందా అని అడిగితే, "పైన ఎలుకున్నది బిడ్డా, జల్ది మీ పెద్దసారును పిలువు" అన్నాను. ఆ పిల్ల పరుగెత్తింది. నాకు ఒళ్లంతా హుషారు వచ్చేసింది. ఈ హుషారు నాకు ఎస్తేరమ్మ దగ్గర అంటుకున్నది.

పంతొమ్మిది వందల డెబ్బైల మొదట్లో గోదావరిఖని అవతల, ఒక బొగ్గు గనిని ఆనుకొని చిన్న దవాఖాన ఉండేది. ఇప్పుడు వెతికినా దొరకదు. ఓపెన్‌కాస్టు తవ్వకంలో అది నిలబడ్డ నేల కూడా పోయింది. పొడుగ్గా ఒక్కటే మగవాళ్ల వార్డు, పైన పెంకుల కప్పు, రెండు వరుసల ఇనుప మంచాలు. చేతులు కాళ్లు విరిగిన గని కార్మికులే ఎక్కువ. నర్సింగు చదివి, కమాన్‌పూర్ నుంచి ట్రంకుపెట్టె పట్టుకొని నేను డ్యూటీలో చేరినప్పుడు ఆ వార్డును ఏలుతున్నది ఎస్తేరమ్మ. ఉద్యోగం హెడ్‌నర్సు, పిలుపు పెద్దసిస్టరమ్మ. పొట్టి మనిషి, గట్టి మనిషి. తెల్లచీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకొని తిరిగేది. వాళ్ల నాయన బెల్లంపల్లి వైపు గనుల్లో పనిచేసి పోయినవాడు.

మొదటిరోజు నా సర్టిఫికెట్లు అడుగుతుందని చేతిలో పట్టుకొని నిలబడ్డాను. వాటి వంక చూడనైనా చూడలేదు. ఒక మంచం చూపించి "దాని కిందికి పోయి పండుకో" అంది. కొత్త యూనిఫారం, గంజి పెట్టి ఇస్త్రీ చేసుకొని వచ్చాను. ఏడుపొచ్చినంత పనైంది. పడుకున్నాను. "ఏం కనవడ్తున్నది?" అంది పైనుంచి. "మంచం సిస్టరమ్మా." "మంచం నాకూ కనవడ్తున్నది. ఇంకా?" అప్పుడు కళ్లు అలవాటు పడ్డాయి. ఇనుప పట్టీల అతుకుల్లో నల్లులు, గోడవార బొద్దింక, ఎవరో తిని తోసేసిన నిమ్మతొక్క. ఒక్కొక్కటే చెప్పాను. "మంచం మీద డాక్టరు సారు చూస్తడు. మంచం కింద మనం చూడాలె. సగం రోగం కిందనుంచే వస్తది బిడ్డా" అంది. చెయ్యిచ్చి లేపి, నా వీపు మీది దుమ్ము తనే దులిపింది.

ఆదివారం ఆమె చర్చికి పోయేది కాబట్టి శనివారం మా వార్డులో మంచాల జాతర జరిగేది. నడవగలిగిన వాళ్లు వరండాలో కూర్చుంటే, నడవలేని వాళ్లను పరుపులతో సహా మోసేవాళ్లం. ఇనుప మంచాలన్నీ ఎండలోకి లాగి, బొగ్గు పొయ్యి మీద మరగకాచిన నీళ్లు ఒక్కో అతుకులో పోసేవాళ్లం. నల్లులు బయటికొస్తుంటే వరండాలోంచి "అగో సిస్టరమ్మా, ఎడమ కోడు" అని కేకలు. ఎస్తేరమ్మ కెటిల్ పట్టుకొని అటు ఉరికేది. అంత చదివి ఇదా నా పని అని మొదటి శనివారం చిన్నబుచ్చుకున్నాను. తర్వాత శనివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడడం నేర్చుకున్నాను.

అలాంటి వార్డులోకి రాజయ్య వచ్చాడు. రామకృష్ణాపూర్ దిక్కు మనిషి. గనిలో కప్పు కూలి నడుము విరిగింది. నడుము కింద ఏదీ తెలియదు, సూది గుచ్చినా తెలియదు. ఒక పొద్దున డ్రెస్సింగు కోసం దుప్పటి తీస్తే కుడికాలి బొటనవేలు రక్తంగా ఉంది. కొస కొరికేసి ఉంది. ఎలుక. రాజయ్య చాయ్ తాగుతూ పక్క మంచం వాడితో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. "ఏమైంది బిడ్డా, గట్ల నిలవడ్డవ్?" అన్నాడు నాతో. తన కాలును ఎలుక తిన్న సంగతి ఆయనకు తెలియనే తెలియదు. ఎస్తేరమ్మ వచ్చి చూసింది. పుండు కడిగి కట్టు కట్టింది.

పెద్ద డాక్టరు పదిహేను రోజులకోసారి వచ్చేవాడు. మంచివాడే, దాచకుండా చెప్పేవాడు. అప్పటికే చీము పట్టింది. మరోసారి కొరికితే మోకాలు దాకా తీసెయ్యక తప్పదన్నాడు. "తీసెయ్యుండ్రి సారూ, ఉన్నా లేనట్టే గద" అన్నాడు రాజయ్య, ఎవరి కాలి గురించో చెబుతున్నట్టు. "కాలు నీది, కాపలా నాది. నేనొప్పుకోను" అంది ఎస్తేరమ్మ. డాక్టరు ఎలుకల మందు పెట్టమన్నాడు. ఆమె దానికీ ఒప్పుకోలేదు. "పేషెంట్ల పిల్లలు గీ మంచాల కిందనే పాకుతరు సార్. మందు తిన్న ఎలుక కప్పుల సచ్చిందంటే వాసనకు మనమే బయటికి పోవాలె. మీరు మళ్ల వచ్చేదాక టైమియ్యుండ్రి." ఆయన సరేనన్నాడు.

రాజయ్య మంచానికి దోమతెర కట్టి అంచులు పరుపు కిందికి దోపాం. తెల్లారేసరికి తెరకు చిల్లి. కాలు మాత్రం దక్కింది. బోనుల్లో ఎండుచేప ముక్క పెట్టాం. ఒక్క ఎలుకా అటు తొంగిచూడలేదు. వేయించిన కొబ్బరి పెట్టాం, అదీ అంతే. ఇంత వాసనకు రాని ఎలుక ఎక్కడుంటుందని నాకు ఒకటే కోపం. ఆ సాయంత్రం ఇళ్ల నుంచి సద్దిగిన్నెలు వచ్చే వేళ సంగతి బయటపడింది. రాజయ్య జొన్నరొట్టె మొదటి తునక తుంచి గోడవారకు విసిరాడు. పక్క మంచం వాడూ అంతే. ఆ వరుస వరుసంతా అంతే, దేవుడికి పెట్టినంత శ్రద్ధగా. నాకు ఒళ్లు మండిపోయింది. "మేం బోన్లు పెట్టుడేంది, మీరు విందులు పెట్టుడేంది" అని అరిచాను. అందరూ తల దించుకున్నారు. చేతికి కట్టుతో ఉన్న మల్లేశం ఒక్కడే నోరు విప్పాడు. ఆయన గనిలో సర్దారు. షిఫ్టు లోపలికి పోకముందే కప్పు పరీక్ష చేసి, భద్రంగా ఉందంటేనే మిగతావాళ్లను పనికి పోనిచ్చే మనిషి.

"కోపం చెయ్యకు సెల్లె. బాయిల ఎలుకకు పెట్టకుండ మేం తినం" అన్నాడు. బాయి అంటే వాళ్లకు గని. కప్పు కూలేముందు మనిషి చెవికి అందని చప్పుడు ఎలుకలకు అందుతుందట. అవి ఉరికితే వీళ్లూ ఉరుకుతారు. రాజయ్య మెల్లగా అందుకున్నాడు. "ఒకపారి అవి ఉరికినయని నేనూ ఉరికిన, బతికిన. మొన్న ముచ్చట్ల పడి నేను చూడలే, గిట్లయింది. వాటి తప్పేమున్నది?"

తలుపు దగ్గర ఎస్తేరమ్మ నిలబడి వింటున్నది. ఇక అందరి పని అయిపోయిందనుకున్నాను. ఆమె వచ్చి రాజయ్య మంచం మీద కూర్చుంది. పేషెంటు మంచం మీద కూర్చోవడం ఆమె వార్డులో పెద్ద నేరం. "మా నాయన గూడ పెట్టేటోడు" అంది. "బాయిల అవి నీకు ముందు చెప్తయి, నిజమే. ఈడ నీ కాలే తింటున్నయి రాజన్నా, చెప్తలేవు గద. నొప్పి నీ దాక వస్తలేదు. ఎవలకో ఒకలకు రావాలె. నాకొస్తున్నది." ఆమె కళ్లలో నీళ్లు. రాజయ్య ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. అటే చూస్తూ "సంపుతవా వాటిని?" అన్నాడు. "సంప. తిండి బంద్ చేస్త, తొవ్వ బంద్ చేస్త. వాటంతటవే పోతయి." "మరి కప్పు ఎవలు చూస్తరు?" అన్నాడు. ఆ మాటకు ఒక్కరూ నవ్వలేదు. వార్డులో ప్రతివాడికీ ఆ భయం ఉంది. "నేను చూస్త" అంది ఎస్తేరమ్మ.

మర్నాడు పొద్దున జరిగింది తలచుకుంటే ఇప్పటికీ నాకు హుషారు వస్తుంది. కప్పు గట్టిగా ఉందో లేదో తెలుసుకోవాలంటే గనిలో కర్రతో కొట్టి వింటారు. గట్టి కప్పు ఖంగుమంటుంది, లోపల విడిపోయిన కప్పు డొల్లగా పలుకుతుంది. ఎస్తేరమ్మ చిన్నప్పుడు ఇంటి గోడ మీద వాళ్ల నాయన దగ్గర ఆ విద్య నేర్చుకుందట. కర్ర పట్టుకొని, ఎలుకల దారి ఎక్కడుందో వెతుకుతూ వార్డు గోడ అడుగున కొట్టడం మొదలుపెట్టింది. మల్లేశం లేచాడు. ఆయన్ను చూసి చంకకర్రల వాళ్లు లేచారు. కాసేపట్లో వార్డు వార్డంతా గోడలు కొడుతున్నది. "గట్టి." "ఏం గట్టి, నీ చెవుల దూదున్నదా, డొల్ల." డొల్ల అన్నచోటల్లా నేను సుద్దముక్కతో గుర్తు పెడుతూ ఈ మూల నుంచి ఆ మూలకు ఉరుకుతున్నాను. అంత సంబరం నేను పెళ్లిళ్లలో కూడా చూడలేదు.

రాజయ్య కళ్లు మూసుకొని పడుకున్నాడు. అలిగాడేమో అనుకున్నాం. ఉన్నట్టుండి "ఆగుండ్రి" అన్నాడు. "మళ్ల కొట్టు. ఆడ కాదు, జానెడు కిందికి." మల్లేశం కొట్టాడు. "అగో, గక్కడ" అన్నాడు రాజయ్య. ఆయన మంచం తలాపునే. గార పెచ్చు లేపితే లోపల సొరంగం, నేరుగా బాత్రూం మోరీ దాకా. అందులో గూడు. గూడు నిండా మా డ్రెస్సింగు దూదే. నేను గట్టిగా చప్పట్లు కొట్టేశాను. ఎస్తేరమ్మ నా వైపు చూసి, తనూ కొట్టింది.

ఆ తర్వాత పనే పని. సిమెంటులో గాజుపెంకులు కలిపి బొక్కలు పూడ్చాం. మోరీకి జాలీ, తలుపు అడుగున రేకు. సద్దిగిన్నెలు నేల మీద పెట్టడం బంద్. గనిలో కప్పుకు ఆసరాగా నిలిపిన దుంగలకు కట్టినట్టే కప్పు వాసాలకు తీగ కట్టి వేలాడదీశాం. గాలికి గిన్నెలన్నీ ఊగుతుంటే వచ్చిన చుట్టాలు బిత్తరపోయేవాళ్లు. ఒక్క బొక్క మాత్రం ఎస్తేరమ్మ మూయనివ్వలేదు. సంపనని మాటిచ్చింది కదా. దాని బయట పొయ్యి బూడిద చల్లించింది. రోజూ పొద్దున అందరికంటే ముందు పోయి అడుగులు చూసేదాన్ని. మొదట వచ్చే అడుగులు, పోయే అడుగులు కలగలిసి ఉండేవి. తర్వాత వచ్చేవి తగ్గాయి. ఒకరోజు పోయేవే ఉన్నాయి, మరునాడు అవీ లేవు. పరుగున వచ్చి చెబితే ఎస్తేరమ్మ రాజయ్య వైపు చూసింది. "ఇగ ముయ్యుండ్రి" అన్నాడు.

ఆమె ఇచ్చిన రెండో మాట కూడా నిలబెట్టుకుంది. రోజూ డ్యూటీ ఎక్కగానే పొడుగు వెదురుకర్రతో రాజయ్య తల మీది వాసాన్ని, పక్క గోడను కొట్టి, విని, "కప్పు గట్టిగున్నది రాజన్నా" అని చెప్పేది. అప్పుడాయన కళ్లు మూసుకునేవాడు. ఆమె సెలవైతే ఆ పని నాది. నేను తప్పు కొడితే మళ్లీ కొట్టించేవాడు.

డాక్టరు వచ్చిన రోజు నడవగలిగిన వాళ్లంతా రాజయ్య మంచం చుట్టూ చేరారు. కట్టు విప్పి చూశాడు. చీము లేదు, పుండు ఎర్రగా, శుభ్రంగా మానుతున్నది. "కాలు తియ్యక్కర్లేదు" అన్నాడు. నేను అందరి ముందే ఏడ్చేశాను. చంకకర్రలు నేలకు కొట్టి వార్డంతా గోల చేస్తుంటే, ఎప్పుడూ ఊరుకోని ఎస్తేరమ్మ ఆ పూట ఊరుకుంది.

గోల సద్దుమణిగాక రాజయ్య నన్ను పిలిచాడు. "బిడ్డా, నా కాలు నాకొకపారి చూపియ్యరాదు" అన్నాడు. దెబ్బ తగిలిన నాటి నుంచి వెల్లకిలా పడుకున్న మనిషి. తన కాళ్లు తను చూసుకోనే లేదు. ఆ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. మల్లేశం గడ్డం గీసుకునే అద్దం తెచ్చాను. ఎస్తేరమ్మ ఆయన కాలును రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. నేను అద్దాన్ని అటూ ఇటూ వంచాను. రాజయ్య చాలాసేపు చూశాడు. "అచ్చం మా నాయన కాలు" అన్నాడు. "గా వేళ్లు గట్లనే వంకరుండేటివి." ఇంకాసేపు చూసి, "జర పైలం సిస్టరమ్మా, మెల్లగ దించు" అన్నాడు.

ఎస్తేరమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆ తర్వాత నా ఉద్యోగమంతా, స్పర్శ లేని కాలి మీద దుప్పటి కప్పేముందు బాగా చూసి, ఎలా ఉందో ఆ మనిషికి చెప్పకుండా నేను కదల్లేదు. మా ఆయనకు షుగరుతో కాళ్లు మొద్దుబారాయి. రోజూ పొద్దున చాయ్ ఇచ్చి నేల మీద కూర్చొని ఆయన పాదాలు ఒళ్లో పెట్టుకుంటాను. వేళ్ల సందులు, మడమలు, అరికాళ్లు అన్నీ చూస్తాను. "మంచిగున్నయి" అని చెబుతాను. ఆ మాట వినందే ఆయన చాయ్ ముట్టడు.