వాగు పట్టని కంప్యూటర్

పులి మా మూడో తరగతిలోకి వచ్చి, పదిహేడో ఎక్కం వినలేక అడవిలోకి పారిపోయిందని ఊరంతా చెప్పింది నేనే. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. దాని ఫలితంగా జూలూరుపాడు నుంచి సారపాక దాకా ఏ బడిలోనూ నా నోటి మాటకు విలువ లేకుండా పోయింది. అందుకే, అడవి అంచున నేను పాఠాలు చెప్పే చిన్న బడిని వాగవతలి బడిలో కలిపేస్తామని విద్యాశాఖ ఆఫీసు అన్నప్పుడు, ఫోటోలతో ప్రజెంటేషన్ చేసుకుని మీటింగుకు వెళ్లాను.

వానాకాలంలో ఆ వాగు సంగతి నోటితో చెబితే మరో పులి కథ అంటారు. ఫోటోలో మా వంటమ్మ బియ్యం మూట నెత్తిన పెట్టుకుని ఛాతీ లోతు నీళ్లలో నడుస్తోంది. ఆ బడికి పోవాలంటే ఇదే దాటాల్సిన మా పిల్లలైతే తల దాకా మునిగిపోతారు.

హాల్లో ప్రొజెక్టరుకు తగిలించిన కంప్యూటర్ దాదాపు నా సర్వీసంత పాతది. నా ఫైలు తెరవబోతే కాసేపు గురక పెట్టి, మెమరీ చాలదని తెర మీద చూపించి ఊరుకుంది.

"అయిదు వందల పన్నెండు ఎంబీ ర్యామే సార్ దీనికి. గింత పెద్ద ఫోటోలు యాడ మోస్తది?" అంది ఆపరేటరు.

"మరి ఏం జేద్దాం చెల్లె?"

"ఫోటోలు తీసేసి నోటితోని చెప్పుండ్రి."

"నా నోటి సంగతి నీకు ఎర్క లేదా?"

"ఎర్కే. పులి సారు గదా మీరు!"

మీటింగు ఇంకా మొదలు కాలేదు, నాకంటే ముందు ఇద్దరు మాట్లాడాలి. ఫోటోల సైజు తగ్గించమన్నాను. తగ్గించింది. అయినా కదల్లేదు. అప్పుడు అర్థమైంది, అసలు బరువు ఆఫీసు పంపిన ఫార్మాట్‌దని. ప్రతి స్లైడు వెనక కదిలే మబ్బులు, ఎగిరొచ్చే అక్షరాలు, స్వాగత సంగీతం, మొదటి స్లైడు నిండా మా అధికారి నవ్వుతున్న ఫోటో. అందరూ అదే ఫార్మాట్‌లో రావాలని ఆర్డరు.

"మబ్బులు తీసెయ్యి."

"తీసేసిన."

"పాట?"

"అదీ పోయింది. ఇంకా ఆగుతాంది సార్."

"అయితే పెద్దసారు ఫోటో తీసెయ్యి."

ఆమె మౌస్ వదిలేసింది. "అమ్మో, నా మీదికొస్తది."

"జరుగు చెల్లె, నేనే తీస్త."

తీశాను. వాగు తెర నిండా పొంగింది.

నా వంతు రాగానే అధికారి కళ్లజోడు సర్దుకున్నారు. "ఫార్మాట్ ఏదండీ? మొదటి స్లైడ్ ఏమైంది?"

"సార్, గీ కంప్యూటర్ల ఒక్కరికే జాగ ఉన్నది. మీరన్నా ఉండాలె, వాగన్నా ఉండాలె. నేను వాగును ఉంచిన."

వెనక వరసలో ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. ఆయన నవ్వలేదు. "నిజంగా ఇన్ని నీళ్లొస్తాయా? ఇది కూడా మీ కథేనా?"

"నన్ను జూడకుండ్రి సార్, ఫోటో జూడుండ్రి."

చూశారు. రెండోది పెట్టమన్నారు. మూడోది మళ్లీ పెట్టమన్నారు. చివరికి చేతిలోని జాబితాలో మా బడి పేరు కొట్టేసి, "ఈ ఏడాదికి కలపడం లేదు" అన్నారు.

వారం తిరక్కుండా మెమో వచ్చింది. ఫార్మాట్ ఎందుకు పాటించలేదో సంజాయిషీ ఇవ్వాలట. తెల్లకాగితం మీద ఒక్క వాక్యం రాశాను: "వచ్చే ఏడాదికి ఆ కంప్యూటర్ మారకపోతే మళ్లీ ఇట్లాగే చేస్తాను." పోస్టులో పంపలేదు. నేనే బండి మీద వెళ్లి ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని వచ్చాను.