పూల డబ్బా, కల్లు సీసా

నా ఉద్యోగం గురించి ఎవరడిగినా మా అమ్మ "పూల కంపెనీ" అని చెప్పేది. ఆ మాట ఆమెకు నేను నేర్పిందే.

డిగ్రీలో వృక్షశాస్త్రం చదివాక, కోస్గి దగ్గర మా ఊళ్ళో ఇంట్లోనే కూర్చుని చేసుకునే పని వెతుక్కున్నాను. హైదరాబాదులోని ఒక చిన్న ఆఫీసు నన్ను పనిలోకి తీసుకుంది. ఆ ఆఫీసు బయటి దేశాల దుకాణాలకు ఇంటర్నెట్ పేజీలు తయారు చేసి ఇస్తుంది. నా వంతుకు వచ్చినవి కెనడాలోని దుకాణాలు. అవి అక్కడి చట్టం ఒప్పుకున్న గంజాయిని డబ్బాల్లో పెట్టి అమ్ముతాయి. డబ్బా మీది లేబుల్ ఫొటో నాకు వస్తుంది. దాన్ని చదివి వివరాలు పేజీలోకి ఎక్కించాలి. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. కొత్తవాళ్ళ ముందు నాకు గొంతు పెగలదు కాబట్టి, జీతం కన్నా ముందు నాకు నచ్చింది ఆ సంగతే.

లేబుల్ మీద సరుకు రకం చెప్పే చోట "ఫ్లవర్" అని ఉంటుంది. నూనె కాదు, బిళ్ళ కాదు, ఎండబెట్టిన పువ్వు అని అర్థం. గంజాయి అంటే ఆకు అనుకునేదాన్ని. అమ్మేది ఆడ మొక్కకు కాసే పూగుత్తి అని ఆ పనిలో చేరాకే తెలిసింది. ఏం పని అని అమ్మ అడిగినప్పుడు ఆ ఒక్క మాటే తెలుగు చేసి చెప్పాను. ఒకరోజు ఆమె నా వెనక నిలబడి కంప్యూటర్‌లో బొమ్మ చూసింది.

"గిదేం పువ్వే? గునుగు పువ్వు ఎండితె గిట్లనే ఉంటది. గీనికి పైసలిస్తరా?"

ఇస్తారని చెప్పాను. పక్కింటి పెద్దమ్మ ఊరుకునే మనిషి కాదు. బతుకమ్మ పేర్చే రోజు గునుగు దొరకక తిరిగి తిరిగి వచ్చి, అందరూ వింటుండగా అమ్మతో అంది: "నీ బిడ్డ కంపెనీకెల్లి ఓ గంపెడు తెప్పియ్యరాదే, మనకీ తిరుగుడన్న తప్పుతది." అందరూ నవ్వారు. నేను తంగేడు కట్టలు విప్పుతూ తల దించుకున్నాను.

లేబుల్ చదవడం చూసినంత తేలిక కాదు. మొదటి వారంలోనే తప్పు చేశాను. మత్తునిచ్చే పదార్థం పేరు టీహెచ్‌సీ. డబ్బా మీద దానికి రెండు అంకెలు ఉంటాయి. పైన "టీహెచ్‌సీ, గ్రాముకు ఎనిమిది మిల్లీగ్రాములు" అని, దాని కింద "టోటల్ టీహెచ్‌సీ, గ్రాముకు రెండు వందల పది మిల్లీగ్రాములు" అని. నేను పైది చూసి పేజీలో ఎక్కించాను. పని నేర్పే మేడం ఫోన్ చేసింది. మందలించలేదు కానీ ఒకటికి రెండుసార్లు వివరించింది. పై అంకె ఆ పువ్వు ఉన్నది ఉన్నట్టుగా ఉన్నప్పటిది. కాల్చని పువ్వులో ఆ పదార్థం చాలావరకు ఇంకో రూపంలో దాగి ఉంటుంది, నిప్పు తగిలితే మారుతుంది. మారాక ఎంతవుతుందో కింది అంకె చెబుతుంది. కొనేవాడికి కావలసింది అదే. పైది చూపిస్తే, ఇది తేలికపాటిదే అనుకుని ఎక్కువ పీలుస్తాడు. గ్రాముకు రెండు వందల పది అంటే నూటికి ఇరవై ఒకటి, అంటే గట్టిదే.

అది నా బుర్రకు ఎక్కింది కల్లు వల్ల. తెల్లవారుతూనే చెట్టు నుంచి దించిన కల్లు తియ్యగా ఉంటుంది, చిన్నపిల్లలకు కూడా ఒక గుక్క పోస్తారు. అదే కుండ పొద్దెక్కేదాకా ఉంటే పులిసి, తాగినవాడిని పడుకోబెడుతుంది. కుండ మారలేదు, లోపలిది మారింది. ఆ సాయంత్రం డైరీలో ఆ పోలిక రాసుకుని తృప్తి పడ్డాను.

మిగతావి ఒక్కొక్కటే నేర్చుకున్నాను. సీబీడీ అనే రెండో పదార్థానికీ అలాగే రెండు అంకెలు ఉంటాయి, అది మత్తు ఇవ్వదు. డబ్బా మీది తేదీ ప్యాక్ చేసిన తేదీ, పువ్వు కోసిన తేదీ కాదు. నిన్న ప్యాక్ చేసిన డబ్బాలో పాత పువ్వు ఉండవచ్చు. లాట్ నంబరు ఒక్క అక్షరం తప్పినా పనికిరాదు, సరుకులో ఏదైనా చెడు బయటపడితే ఆ నంబరు పట్టుకునే వెనక్కి వెళ్ళి వెతుకుతారు. ఇండికా, సటైవా అని మొక్క జాతి పెద్ద అక్షరాల్లో ఉన్నా, ఒంటి మీద ఎలా పనిచేస్తుందో దాన్ని బట్టి చెప్పలేమని మేడం అంది. కొన్ని డబ్బాల మీద వాసనల పేర్లు కూడా ఉంటాయి. ఒకటి నిమ్మతొక్కలో ఉండేది, ఒకటి మిరియాల్లో ఉండేది. నేను వంటింట్లోకి వెళ్ళి పోపుల డబ్బా తీసి మిరియాలు వాసన చూసి వచ్చి మళ్ళీ కూర్చునేదాన్ని.

మా నాయిన గురించి చెప్పాలి. మట్టిపనికి దేశమంతా తిరిగిన మనిషి. కాలువలు తవ్వాడు, రోడ్లకు మట్టి మోశాడు. నడుము పోయాక ఊరికి తిరిగివచ్చి, ఉన్న కాస్త చెలకలో కందులు వేసుకుంటున్నాడు. సాయంత్రం అయితే ఊరి చివర కల్లు దుకాణానికి పోయి రెండు సీసాలు తాగి వచ్చి పడుకునేవాడు. గొడవ పడే మనిషి కాదు. తాగితేనే నిద్ర పట్టేది, అంతే. మా చుట్టుపక్కల ఉన్న ఈత చెట్లకు అన్ని సీసాల కల్లు రాదని అందరికీ తెలుసు. మిగతాది నీళ్ళలో ఏదో మందు కలిపి చేసేదే. మందు కల్లు అని ఆ పేరు పెట్టే పిలుస్తారు. ఆ మందు ఏమిటని మాత్రం ఎవరూ అడగరు.

ఒకరోజు నాయిన ఫోన్ చార్జింగ్ పెట్టడానికి నా బల్ల దగ్గరికి వచ్చాడు. కంప్యూటర్‌లో ఒక లేబుల్ పెద్దగా తెరిచి ఉంది. మత్తు ఉన్న ప్రతి సరుకు మీదా అక్కడ ఎర్రటి గుర్తు వేస్తారు, అందులో ఆకు బొమ్మ ఉంటుంది. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఆకు మాత్రం తెలుసు, పనికి పోయిన చోట్ల చూశాడట.

"గిది గంజాయాకు గదా."

అవునన్నాను.

"పూలంటివి."

"పువ్వే నాయిన. గంజాయి పువ్వు. ఆడ సర్కారే ఒప్పుకుంది. నేను అమ్మను, ముట్టను. డబ్బ మీద రాసింది సదివి ఎక్కిస్త, అంతే."

మన దగ్గర దాంతో పట్టుబడితే జైలు అని, ఆడపిల్లవు నీకెందుకీ పని అని ఆయన చాలాసేపు అన్నాడు. నాకు అంతసేపు ఎదురు మాట్లాడే అలవాటు లేదు. అయినా, డబ్బాలో ఏముందో, ఎంత ఉందో, ఎప్పుడు ప్యాక్ చేశారో, ఎవరు తాగకూడదో అంతా రాసి ఉంటుందని చెప్పాను.

"రాస్తె మంచిదైతదా?" అన్నాడు.

"కాదు. ఎంతుందో తెలుస్తది."

ఆయన ఫోన్ చార్జింగ్ పెట్టి బయటికి పోయాడు. పని మానెయ్యమని అమ్మతో చెప్పించాడు. ఈ నెల అయ్యాక చూద్దామన్నాను. సాయంత్రం ఎప్పటిలాగే కల్లు దుకాణానికి పోయాడు.

ఆ నెలలోనే దుకాణం మూతపడింది. వేరే మండలంలో కల్లు తాగి కొంతమంది దవాఖాన పాలయ్యారని, ఎక్సైజ్ వాళ్ళు తిరుగుతున్నారని ఊళ్ళో చెప్పుకున్నారు. మా ఊరి కల్లు దుకాణం ఆయన, ఎవరూ రాకముందే తలుపు వేసుకుని చుట్టాల ఊరికి పోయాడు. మొదటి రోజు నాయిన విసుక్కుంటూ వాకిట్లో తిరిగాడు. మర్నాటికి చాయ్ గ్లాసు పట్టుకోలేకపోయాడు, చేతులు వణికి చాయ్ అంతా ఒలికింది. అన్నం ముట్టలేదు, కన్ను మూయలేదు. ఆ తర్వాత గోడ మీద చీమలు పోతున్నాయని అరచేత్తో తుడవడం మొదలుపెట్టాడు. గోడ మీద ఏమీ లేదు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంటే, ఆమె చేతి మీది చీమలను కూడా దులిపాడు.

ఆటోలో కోస్గికి, అక్కడి నుంచి మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. దారిలో ఒకసారి ఆయన ఒళ్ళు బిగుసుకుపోయి కళ్ళు పైకి పోయాయి. ఆటో ఆపించి, పక్కకు తిప్పి పడుకోబెట్టుకున్నాం. బతుకుతాడని ఆ కాసేపు నేను అనుకోలేదు.

దవాఖానలో డాక్టర్ నా కన్నా కొంచెం పెద్దదేమో, అంతే. మాటల్లోనే విషయం పట్టేసింది. రోజూ ఎంత తాగుతాడని అడిగింది. రెండు సీసాలని అమ్మ చెప్పింది.

"సీసాలు కాదమ్మా. గా కల్లుల ఏం కలుపుతున్నరు? ఎంత కలుపుతున్నరు?"

అమ్మ నా వైపు చూసింది. భూమికి ఆ చివరన ఉన్న దుకాణంలో, నా జన్మలో చూడబోని ఒక మనిషి కొనబోయే డబ్బాలో గ్రాముకు ఎన్ని మిల్లీగ్రాములు ఉన్నాయో నేను తడుముకోకుండా చెప్పగలను. మా నాయిన ఏళ్ళ తరబడి తాగిన సీసాలో ఏముందో నాకు తెలియదు. సీసా తెస్తే చూసి చెప్పగలరా అని అడిగాను. నా గొంతు నాకే వినపడలేదు, రెండోసారి అడగాల్సి వచ్చింది. పరీక్షకు పంపవచ్చు కానీ ఇప్పుడు అంత టైం లేదంది. చాలావరకు నిద్రమాత్రల పొడి కలుపుతారని, ఒక్కసారిగా ఆపితే ఒళ్ళు ఇలాగే తిరగబడుతుందని, అదే రకం మందు తామే ఇచ్చి కొద్దికొద్దిగా తగ్గించాలని చెప్పింది.

"లెక్క తెలిస్తె ఎంతతోని మొదలువెట్టాల్నో తెలుస్తుండె. ఇప్పుడు మనిషిని సూసుకుంట ఇయ్యాలె," అంది.

ఇంజెక్షన్ ఇచ్చాక నాయిన నిద్రపోయాడు. ఆ మంచం పక్కన అమ్మ, నేను వంతులేసుకుని కూర్చున్నాం. మూర్ఛ మళ్ళీ రాలేదు.

కొన్నాళ్ళకు మాత్రలు రాసిచ్చి ఇంటికి పంపారు. వారం వారం మోతాదు తగ్గాలి. మధ్యలో ఎక్కడ కల్లు ముట్టినా మళ్ళీ మొదటికి వస్తుందని, రెండూ కలిస్తే ఊపిరి ఆగిపోవచ్చని డాక్టర్ ఆయన ముఖం మీదే చెప్పింది. ఇంట్లో మాత్రలు ఇచ్చే పని నాది. మొదటి రోజు మాత్రల అట్ట చేతిలోకి తీసుకుని నాయిన అటూ ఇటూ తిప్పాడు.

"గిండ్ల ఎంతుంది?"

చదివి చెప్పాను. మందు పేరు, మిల్లీగ్రాములు, తయారైన నెల, గడువు. డాక్టర్ రాయనిదే అమ్మకూడదనే ఎర్ర గీత చూపించాను. ఆయన వేలితో ఆ గీతను తడిమాడు. అప్పటి నుంచి ప్రతిసారీ అడిగేవాడు, ప్రతిసారీ అదే చదివేదాన్ని.

రెండో విడత మాత్రలు కోస్గిలో కొన్నాను. ఇంటికి వచ్చి అలవాటుగా చదవబోతే అంకె వేరే ఉంది. పేరు అదే, కంపెనీ వేరు, బలం రెండింతలు. చీటీతో సరిచూసుకుని, నాయినను వెంటబెట్టుకుని మళ్ళీ మందుల దుకాణానికి పోయాను. అక్కడ నలుగురు నిలబడి ఉన్నారు. మామూలుగా అయితే వాళ్ళు పోయేదాకా పక్కన ఆగేదాన్ని. ఆ రోజు అట్టను అద్దం మీద పెట్టి, చీటీలో సగమే ఉందని చెప్పాను. దుకాణం అతను చూసి, నొచ్చుకుని, వెనక్కి తీసుకుని సరైనవి ఇచ్చాడు. బయటికి వచ్చాక నాయిన అన్నాడు:

"మీ పూల కంపెనీల నేర్పిన్రా గిది?"

దవాఖాన నుంచి వచ్చాక ఆయన వేసిన మొదటి పరాచికం అది. పని మానెయ్యమనే మాట మళ్ళీ ఎత్తలేదు.

కందులు పూతకు వచ్చేటప్పటికి కల్లు దుకాణం తెరిచారు. పొద్దువాలుతుంటే పాత జతగాళ్ళు ఇంటి ముందు నుంచే పిలుచుకుంటూ పోయారు. నాయిన కాసేపు అరుగు మీద కూర్చుని, లేచి చెప్పులు వేసుకున్నాడు. ఎక్కడికని అమ్మ అడుగుతుండగానే రోడ్డెక్కాడు. మాత్రలు ఇంకా పూర్తి కాలేదు. అమ్మ నన్ను పోయి తీసుకురమ్మంది. వాకిలి దాకా పోయాను, ఆ మగవాళ్ళందరి మధ్యకు పోయి ఏమనాలో తెలియక అక్కడే ఆగాను. లోపల కంప్యూటర్‌లో ఒక లేబుల్ సగం ఎక్కించి ఉంది. తిరిగి దాని ముందు కూర్చోలేదు. అమ్మా నేనూ గడపలోనే నిలబడి రోడ్డు చూస్తూ ఉన్నాం.

చీకటి పడకముందే వచ్చాడు. నడక తిన్నగా ఉంది. చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ దగ్గరికి పోయి వాసన చూసింది, దాచుకోకుండానే.

"తాగలే," అన్నాడు. "సీస ముంగట పెట్టిండు. గిండ్ల ఎంతేసినవని అడిగిన. నవ్విండు. 'ఇన్నేండ్ల సంది అడగనోనివి, గిప్పుడేందే మామా' అన్నడు. మల్ల అడిగిన. 'కల్లే' అన్నడు."

తువ్వాలుతో కాళ్ళు తుడుచుకున్నాడు.

"అడిగితె చెప్పడాయె. ఎట్ల తాగాలె?"

అమ్మ లోపలికి పోయి అన్నం వడ్డించింది. తిన్నాక ఆయన నన్ను పిలిచి మాత్ర తెమ్మన్నాడు. ఆ వారం మాత్రను సగం చేసి ఇవ్వాలి. బిళ్ళను మధ్య గీత మీద విరిచాను. ఆయన చెయ్యి చాపాడు.

"ఎంత?" అన్నాడు.

అట్ట మీద ఉన్నది చదివి, అందులో సగం అని చెప్పాను.